కాయ లేని కట్టె కూడా కానుకే



కోతల కాలము వచ్చినది. జూన్, జూలై నెలలలో పదును చూసి విత్తిన చెనిక్కాయను మన అనంతపురం మెట్టలలో పీకి, కట్టెను వామి వేసే రోజులు ఇవి. మరి కొన్ని వారములలో మన సంఘములలో కోతకాల పండుగ జరుగుతుంది. ఆ పండుగకు దేవాలయమును, మన ఇండ్లను మన చేతులతో ఎట్లు అలంకరించుకొనవచ్చునో ఈ నెల మాట్లాడుకుందాము. ఈ విషయమును ఎత్తుకొనుటకు కారణము మా సంఘపు తల్లి ఒకరు మాకు వ్రాసిన ఉత్తరము.

ఆమె కుమారుడు అమెరికాలో ఉద్యోగము చేస్తున్నాడు. ఆ అబ్బాయి తన ఇంటి ముందు తీసిన ఫోటో పంపినాడు. మెట్ల మీద వరుసగా తియ్యగుమ్మడికాయలు, వాటికి కండ్లు, కోరలు చెక్కి లోపల దీపము. వాకిలికి అటు ఇటు ఎండిన మొక్కజొన్న దంట్లు. గడ్డిమోపు మీద చొక్కా తొడిగిన గడ్డిబొమ్మ. ఆ తల్లి ఇట్లు వ్రాసినది: "అయ్యగారూ, ఇది దయ్యాల పండుగంట గదా. మా పిల్లోడు ఇట్ల చేయొచ్చునా? చూసేకి మాత్రం బాగుంది. మన ఇంట్లో గూడా ఏమన్నా కడదామని మనమరాలు ఒకటే పోరు పెడుతోంది."

ఈ ప్రశ్న ఒక్క తల్లిది కాదు. మన పిల్లలు అనేకులు దూరదేశములలో ఉన్నారు. పట్టణములలో కొన్ని బడులలో పిల్లలకు ముసుగులు వేసి ఈ దినమును జరిపించుట కూడా మనకు తెలుసు. గనుక కోపపడక, కంగారుపడక, సంగతి ఏమిటో ముందు తెలుసుకుందాము.

ఆ గుమ్మడికాయ ఎక్కడిది?

నవంబరు 1వ తేదీ సకల పరిశుద్ధుల పండుగ. దాని ముందు సాయంత్రము, అనగా అక్టోబరు 31, ఆంగ్లములో పరిశుద్ధుల పండుగ ముందురేయి అని పిలువబడి, ఆ మాటే అరిగి హాలోవీన్ అయినది. ఐర్లండు దేశములో ఆ రాత్రి టర్నిప్ అనే దుంపను తొలిచి, ముఖము చెక్కి, లోపల దీపము పెట్టేవారు. 19వ శతాబ్దములో ఐర్లండు ప్రజలు లక్షల సంఖ్యలో అమెరికాకు వలస వెళ్ళారు. అక్కడ గుమ్మడికాయ విరివిగా దొరికినది. దుంపకన్నా పెద్దది, తొలుచుటకు సులువైనది. అట్లు దుంప స్థానములోకి గుమ్మడి వచ్చినది. ఆ ఋతువులోనే అక్కడ మొక్కజొన్న కోతలు, గడ్డి మోపులు. కోతల అలంకారమును, దయ్యాల ముసుగులను ఒకే వాకిట నిలబెట్టినారు.

ఇదే అక్టోబరు 31వ తేదీన 1517లో మార్టిన్ లూథరు తన 95 సిద్ధాంతములను వెలువరించినాడని, అందుచేత ఆ దినమును సంస్కరణ దినముగా అనేక సంఘములు ఆచరిస్తున్నవని పిల్లలకు చెప్పుట మరువవద్దు.

మన వాకిళ్ళ సంగతి చూడండి. మన తెలుగునాట బూడిద గుమ్మడికాయను గడపకు వ్రేలాడదీస్తారు. ఇల్లు కట్టేచోట కోరలు పెట్టిన దిష్టిబొమ్మను నిలబెడతారు. ఐర్లండు రైతుకు, మన రైతుకు ఒకరి ఊరు ఒకరికి తెలియదు. ఐనను ఇద్దరు పంటకే ముఖము గీసినారు, ఇద్దరు దానిని వాకిటనే పెట్టినారు. చీకటన్నా, పరుల కన్నన్నా మనుష్యుని గుండెలో ఉన్న భయము ఒక్కటే. పొరుగువారిని ఎగతాళి చేయుటకు ఈ మాట వ్రాయడము లేదు. మనలో ఎందరి గుండెలలో ఆ భయము ఇంకా కాపురమున్నదో మాకు తెలుసు.

గనుక ఆ తల్లికి మా జవాబు ఇది. అమ్మా, ఆ ఫోటోలో రెండు సంగతులున్నవి. ఒకటి కోత, రెండవది భయము. కోతను ఉంచుకొనండి, భయమును విడిచిపెట్టండి. గుమ్మడికాయ ఏ పాపము ఎరుగదు. కోరలకు బదులు ఒక నక్షత్రమో, ఒక కంకియో చెక్కమని మీ అబ్బాయికి వ్రాయండి. మనమరాలికి మాత్రము గుమ్మడికాయకన్నా మంచి పని మన పొలములోనే ఉన్నది. దానిని గూర్చి క్రింద వ్రాస్తున్నాము.

పండుగకు పచ్చకొమ్మలు

పంటతో అలంకరించుట మన విశ్వాసమునకు కొత్త కాదు. లేవీయకాండము 23వ అధ్యాయము తీసి చూడండి. కోత ముగిసిన తరువాత ఇశ్రాయేలీయులు కొమ్మలు తెచ్చి పర్ణశాలలు కట్టుకొని ఏడు దినములు సంతోషించవలెనని దేవుడు నియమించినాడు. నెహెమ్యా 8వ అధ్యాయములో ప్రజలు కొండకు వెళ్ళి కొమ్మలు తెచ్చి మిద్దెల మీదను ముంగిళ్ళలోను కట్టుకొనుట చూస్తాము. వారు తెచ్చినవి ఆ నేలలో పెరిగిన చెట్ల కొమ్మలే.

ఇప్పుడు మనము ఆచరించే కోతకాల ఆరాధనకు ఇంగ్లండులో ఒక పల్లెటూరి గురువు కారకుడు. కార్న్‌వాల్ సీమలో మోర్వెన్‌స్టో అనే ఊరిలో రాబర్ట్ హాకర్ గారు 1843లో తన సంఘస్థులను పంట కృతజ్ఞతారాధనకు పిలిచినారు. తరువాత ఆ ఆచారము దేశమంతట వ్యాపించినది. బళ్ళారి, గుత్తి, అనంతపురం ప్రాంతములలో లండన్ మిషను వారు సేవ చేసినారు. మిషనరీల ద్వారా వచ్చిన ఆ పండుగను మన పెద్దలు మన పంటలతో నింపుకొన్నారు. గంపలో చెనిక్కాయలు, కొర్రలు, సజ్జకంకులు, కోడిపెట్ట, గుమ్మడికాయ, పెరుగు ముంత. ఆరాధన ముగిసిన తరువాత వేలము. రెండు రూపాయల గుమ్మడికాయను ఇరువైకి పాడి, మళ్ళీ కానుకగా పెట్టిన పెద్దలను చిన్నతనములో మేము చూచియున్నాము.

మేము చేసిన తప్పు

ఇప్పుడు ఒక సంగతి ఒప్పుకొనవలెను. 2018వ సంవత్సరము మన జిల్లాకు కరువు సంవత్సరము. మన నేల సంగతి మీకు తెలియనిది కాదు. పడమటి కనుమల చాటున ఉన్నందున నైరుతి వాన మన దాకా వచ్చేసరికి చిక్కిపోతుంది. తూర్పు సముద్రమునకు దూరము గనుక ఈశాన్య వాన సరిగా అందదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటు ఇటుగా మాత్రమే మన వాటా. అదైనా వేళకు రావాలి. చెనిక్కాయ పూత పూసి ఊడ దిగే వేళకు పదును లేకపోతే గట్టిపడిన నేలలోకి ఊడ దిగదు. పైన ఆకు పచ్చగా కనబడుతుంది, పీకి చూస్తే వేరుకు కాయ ఉండదు.

ఆ ఏడు అట్లే జరిగినది. కోతకాల పండుగ దగ్గరపడినది. బయటి ఊరినుండి పెద్దలు ఆరాధనకు వస్తారని కబురు. బలిపీఠము బోసిగా ఉంటే సంఘమునకు చిన్నతనమని కమిటీవారు అన్నారు, మేమును అవునన్నాము. టౌనుకు మనిషిని పంపి ప్లాస్టిక్ పూలదండలు, థర్మాకోల్‌తో చేసిన పండ్లు, బంగారు రంగు పూసిన గోధుమ కంకులు తెప్పించినాము. డబ్బు చాలక కొంత అంగడిలో అప్పు పెట్టినాము. శనివారము రాత్రి అన్నీ కట్టి చూచుకొని, బాగున్నదని సంతోషపడినాము.

ఆదివారము తెల్లవారి ఒక విధవరాలైన సహోదరి తలమీద ఒక కట్టె మోపుతో వచ్చినది. మోపంతా చెనిక్కాయ కట్టె. అక్కడొకటి, ఇక్కడొకటి కాయ. లోపలకు తేవలెనా వద్దా అని వాకిట నిలబడినది. మేము ఏమి చెప్పినామో వ్రాయుటకు సిగ్గుగా ఉన్నది. "అమ్మా, లోపల సర్దినాము, ఇది తలుపు ప్రక్కన పెట్టు" అన్నాము. ఆమె మారుమాట లేకుండా తలుపు ప్రక్కన పెట్టి, వెనుక వరుసలో కూర్చున్నది.

ఆరాధన తరువాత ఒక చిన్నవాడు ఆ బంగారు కంకులను చూపి, "అయ్యగారూ, ఇది ఏం కంకి?" అని అడిగినాడు. గోధుమ కంకి అన్నాము. "మన ఊర్లో యాడ పండుతుంది?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు. ఆ గుడిలో కూర్చున్నవారిలో గోధుమ చేను చూచినవారు ఎంతమంది? మా నేల పంటకు మేము దేవునికి స్తుతి చెల్లిస్తూ, మా నేల ఎరుగని పంటను, అదైనా ప్లాస్టిక్‌ది, అప్పు చేసి ఆయన ముందర పెట్టినాము.

వేలములో ఆ కట్టె మోపు పేరు ఎవరూ ఎత్తలేదు. జనము వెళ్ళిపోయిన తరువాత ఆ సహోదరి మోపును మళ్ళీ తలకెత్తుకొన్నది. మమ్మును చూచి, కోపము లేకుండానే, "దేవుడు ఈయేడు ఇచ్చింది ఇదే అయ్యగారూ. దాచిపెట్టేకి ఏముంది? ఈడ పనికి రాకపోతే మా మేకకు పనికొస్తుంది లెండి" అన్నది.

ఆ రాత్రి మాకు నిద్ర రాలేదు. పేద విధవరాలి రెండు కాసులను గూర్చి మేము ఎన్నిసార్లు ప్రసంగించినామో లెక్కలేదు. ఆమె మా గుడి వాకిటికే వస్తే గుర్తుపట్టలేదు. హబక్కూకు 3వ అధ్యాయము 17, 18 వచనములు మీరు మీ ఇంట తీసి చదువుకొనండి. చెట్టు కాయకపోయినా, చేను పండకపోయినా, దొడ్డిలో మంద లేకపోయినా సంతోషించెదనన్న ప్రవక్త ఆ లేమిని దేవుని యెదుట దాచలేదు. ఒక్కొక్కటి పేరు పెట్టి చెప్పినాడు. అట్టి కానుకే ఆమె తెచ్చినది.

సోమవారము మా సహధర్మచారిణితో కలిసి ఆమె ఇంటికి వెళ్ళి క్షమాపణ అడిగినాము. ఆమె మమ్మును అరుగు మీద కూర్చోబెట్టి, లోపలికి వెళ్ళి, ఆ మోపులో ఏరిన పిడికెడు కాయలను ఉడకబెట్టి తెచ్చి మా ముందర పెట్టినది. తినకుండా లేవనీయలేదు.

మరుసటి ఏట నుండి మా సంఘములో ఒక నియమము పెట్టుకొన్నాము. కోతకాల పండుగకు కొన్న అలంకారము ఏదియు ఉండదు. ఎవరి చేను ఏమి ఇస్తే అదే, ఎంత ఇస్తే అంతే. కాయ ఉన్న ఏడు గాని, లేని ఏడు గాని, బలిపీఠము ముందు మధ్యలో ఒక చెనిక్కాయ కట్టె మోపు ఉంటుంది. మా పిల్లలకు దాని సంగతి తెలుసు. థర్మాకోల్ అలంకారములను, ప్లాస్టిక్ జెండాలను 2022 జూలై 1 నుండి ప్రభుత్వము కూడా నిషేధించినది. మమ్మును మాత్రము అంతకు ముందే ఒక కట్టె మోపు దిద్దినది.

ఇంటింట చేసుకొనదగినవి

ఇవన్నియు మేము పిల్లలతో కూర్చొని చేసినవే. ఖర్చు దారమునకు, జిగురునకు మాత్రమే.

కంకుల కుచ్చు: కొర్ర, సజ్జ, జొన్న, ఏ కంకులైనా సరే. తాలు కంకులైనా పనికి వస్తాయి. అడుగు పొడవు కాడ ఉంచి కోయండి. నాలుగైదు దినములు నీడలో తలక్రిందులుగా వ్రేలాడదీయండి. ఎండలో పెడితే గింజ రాలుతుంది. కట్టే ముందు కాడలకు మాత్రము తడిగుడ్డ చుట్టి ఒక గంట ఉంచితే విరగకుండా వంగుతాయి. కంకులకు తడి తగిలితే బూజు పడుతుంది, జాగ్రత్త. ఇరువై, ఇరువై అయిదు కాడలను ఒక్కటిగా పట్టి, గోగునారతో బిగించి, వసారాలో కట్టండి. వరి పండే సీమలలో పిచ్చుకల కొరకు ధాన్యపు కుచ్చులు వసారాలో కట్టుట మన పెద్దల ఆచారము. మీ కుచ్చుకు పిచ్చుక వస్తే తరుమవద్దు. పండుగ అయిన తరువాత మిగిలినది కోళ్ళకు వేయండి.

చెనిక్కాయ పొట్టు నక్షత్రము: ఒకే పొడవు గల అయిదు వెదురు బద్దలు, లేక పోయినేటి కందికట్టెలు తీసుకొని, కొనలు కలిపి కడితే అయిదు మూలల నక్షత్రము వస్తుంది. పాత పెండ్లి శుభలేఖల అట్టను బద్దల మీద అంటించి, దానిమీద పొట్టు చిప్పలను వీపు పైకి వచ్చునట్లు వరుసగా జిగురుతో అతికించండి. ముదురు ఎరుపునకు మన ఎర్రమట్టి, తెలుపునకు సున్నము, పసుపురంగుకు పసుపే. పసుపులో చిటికెడు సున్నము కలిపితే ఎరుపు తేలుతుంది. ఆ రంగు మారుట చూచి పిల్లలు చప్పట్లు కొడతారు. సున్నము కంట పడకుండ పెద్దలే కలపాలి. ఇంకొక జాగ్రత్త. బూజు పట్టిన పొట్టును వాడవద్దు. చెనిక్కాయకు పట్టే బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషము పుడుతుంది, అది కాలేయమునకు హాని. అట్టి కాయ పిల్లలు తినరాదు, గొడ్లకు వేయరాదు. ఈ నక్షత్రమును దాచుకొంటే క్రిస్మసుకు కూడా పనికి వస్తుంది.

సొరబుర్ర దీపము: దీనికి తీగ మీదనే ముదిరి ఎండిన సొరకాయ కావాలి. ఊపితే లోపల గింజలు గలగలమనాలి. అడుగున రంధ్రము కోసి గింజలు తీసి విత్తనమునకు దాచండి. పెన్సిలుతో నక్షత్రమో, కంకియో గీసి, ఆ గీత వెంట మేకుతో చిన్న చిన్న రంధ్రములు పొడవండి. లోపల చిన్న ఎల్‌ఈడీ బల్బు పెట్టండి. కొవ్వొత్తి మాత్రము వద్దు. ఎండిన కంకులు, కట్టె ఉన్నచోట నిప్పు చేరిస్తే పండుగ శోకమవుతుంది. చీకటిలో గోడమీద వెలుగు చుక్కలు పడినప్పుడు మా చిన్నది దీపమును వదలి గోడ దగ్గరకు పరుగెత్తినది.

ఈ ఆలోచన మాకు నిమ్మలకుంటలో కలిగినది. ధర్మవరము దగ్గరి ఆ గ్రామము 2022 జిల్లాల విభజన తరువాత శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నది. అక్కడి కళాకారులు మేకతోలును పలుచగా చేసి, రంగులు వేసి, రంధ్రములు పొడిచి తోలుబొమ్మలు చేస్తారు. ఊరూర బొమ్మలాటలు తగ్గిపోయినప్పుడు వారు ఆ పనితనమును విడువక, అదే తోలుతో దీపములకు గొడుగులు చేయసాగినారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించినారు. ఆట చూచేవారు తగ్గినా చేతిలోని విద్యతోనే వారు మరొక దారి తీసినారు. కరువు సీమ కుటుంబములు ఇది నేర్చుకొనదగినది.

గుమ్మడికాయనే చెక్కుతామని పిల్లలు పట్టుబడితే చెక్కనీయండి. గుజ్జు మాత్రము పులుసులోకి, గింజలు ఎండబెట్టి పిల్లల చేతిలోకి పోవాలి. మన ఎండకు చెక్కిన కాయ రెండు మూడు దినములలో కుళ్ళుతుంది గనుక, పండుగ ముందురోజు మాత్రమే చెక్కండి, ముగిసిన వెంటనే పెంటదిబ్బకు చేర్చండి. తిండికి కరువున్న సీమలో తిండిని అలంకారము కొరకు పారవేయుట మనకు తగదు.

కట్టే వేళ మాట్లాడుకొనండి

ఒక చివరి మాట. కుచ్చు కట్టేటప్పుడు ఒక్కొక్కరు ఒక్కొక్క కంకి చేతికిస్తూ ఈ ఏడు దేవుడిచ్చిన ఒక సంగతి చెప్పాలి. అంతే గాక, ఈ ఏడు రాని సంగతి ఒకటి కూడా చెప్పాలి. పడని వాన, రాని ఉద్యోగము, తీరని అప్పు. తండ్రులారా, మీరును చెప్పండి. ఇంటి కష్టము పిల్లలకు తెలియదని మనము అనుకుంటాము, కాని వారు గోడ అవతల నుండి అంతా వింటారు. చీకటిలో విన్న మాట భయమవుతుంది. అందరు కూర్చున్నచోట చెప్పిన మాట ప్రార్థనవుతుంది. దయ్యపు ముఖము చెక్కి వాకిట పెట్టిన వారి భయమునకు మన దగ్గరున్న జవాబు ఇదే అనుకుంటాము.

ఈ ఏడు మీ గంప నిండినదో లేదో మాకు తెలియదు. నిండితే గంపతో రండి. నిండకపోతే కట్టెతో రండి. తలుపు ప్రక్కన పెట్టమని ఇక చెప్పము.

ప్రభువు మీ ఇంటిని, మీ చేనును దీవించునుగాక.

ప్రభువు సేవలో,
మీ గురువు